రూపం లేని దేవుడు వింటాడు, చూస్తాడు అన్నప్పుడు ముస్లింల భావన ఏమిటి?

ప్రశ్న: కపిలతీర్థం వాసి, తిరుపతి

పెద్దలందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. మా ఎదురింటి ముస్లిం కుటుంబం వారి గుమ్మం పైన, నల్లని మఖమలు గుడ్డ మీద బంగారు రంగు దారంతో కుట్టిన అరబ్బీ అక్షరాల పటం ఒకటి ఉంటుంది. అది ఖుర్ఆన్‌లోని ఆయతుల్ కుర్సీ అని, దేవునికి కునుకు గాని నిద్ర గాని పట్టదని, ఆయన పీఠం భూమ్యాకాశాలను ఆవరించి ఉన్నదని అందులో ఉందని ఆ ఇంటి పెద్దాయన వివరించారు. ఆ తరువాత ఖుర్ఆన్ తెలుగు అనువాదం సంపాదించి కొంత చదివాను. చదివిన కొద్దీ సందేహాలు పెరిగాయి.

దేవునికి రూపం లేదని ముస్లింలు ఖండితంగా చెబుతారు. అయితే అదే గ్రంథంలో దేవుని చేతుల గురించి, ముఖం గురించి, సింహాసనం గురించి ప్రస్తావనలు కనిపిస్తున్నాయి. ఈ రెండింటినీ వారు ఎలా పొసగించుకుంటారు? మన వేదాంతులు చెప్పే నిర్గుణ నిరాకార పరబ్రహ్మమూ, అల్లాహ్ అనే భావనా ఒకటేనా? దేవుడు అంతటా ఉన్నాడని వారు కూడా నమ్మితే, లోకంలోని ముస్లింలందరూ ఒకే దిక్కుకు తిరిగి నమాజు చేయడం దేనికి?

సభల్లో వినిపించే "అన్ని మతాల సారం ఒక్కటే" అనే మర్యాద మాట నాకు సరిపోదు. వాదన పెంచాలన్న ఉద్దేశం కూడా లేదు. వారు తమ దేవుణ్ణి ఎలా నమ్ముతున్నారో, ఆ నమ్మకాన్ని వారి దృష్టితోనే తెలుసుకోవాలని నా కోరిక.


జవాబు: ఉర్దూ మాష్టారు, చిత్తూరు

మాష్టారు గారికి సలాం. మీరు మర్యాద మాట వద్దన్నారు కాబట్టి నేను కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. చిత్తూరులో చాలాకాలం ఉర్దూ చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. ఆలిమ్‌ను (మత పండితుణ్ణి) కాను, కానీ పెద్దల దగ్గర కూర్చుని విన్నవాణ్ణి.

దేవుని గురించి మా పిల్లలకు మొదట కంఠస్థం చేయించేది ఖుర్ఆన్‌లోని 112వ సూరా (అధ్యాయం), ఇఖ్లాస్. అందులో నాలుగే వాక్యాలు ఉన్నాయి. అల్లాహ్ ఒక్కడు; ఆయనకు ఎవరి అక్కరా లేదు, అందరికీ ఆయన అక్కర ఉంది; ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు; ఆయనకు సాటి ఎవరూ లేరు. మా నమ్మకానికి పునాది అంతా ఇందులోనే ఉంది. దీన్నే తౌహీద్ అంటాము. ఒక్కడు అనడంలో ఉద్దేశం లెక్క మాత్రమే కాదు. ఆయనలో భాగాలు లేవు, ఆయన అధికారంలో వాటాదారులు లేరు, ఆయనకు మాత్రమే చెందిన ఆరాధనలో మరొకరికి పాలు లేదు. భార్యాబిడ్డలు ఉన్నారనడమూ, మానవుడిగా అవతరించాడనడమూ ఈ నమ్మకానికి విరుద్ధం. అందుకే ఈసా అలైహిస్సలాంను, అంటే క్రైస్తవులు యేసు అని పిలిచేవారిని, మేము గొప్ప ప్రవక్తగా గౌరవిస్తాము గాని దేవుని కుమారుడని అంగీకరించము.

ఇక మీ అసలు ప్రశ్న. అల్లాహ్ నిరాకారుడు అన్నంత వరకు మీ మాటతో ఇబ్బంది లేదు. నిర్గుణుడు అంటే మాత్రం మా నమ్మకం అది కాదు. ఖుర్ఆన్ 42వ సూరా 11వ వాక్యంలో, ఆయనను పోలినది ఏదీ లేదని చెప్పి, వెంటనే అదే వాక్యంలో ఆయన అన్నీ వినేవాడు, అన్నీ చూసేవాడు అని ఉంది. ఒకే శ్వాసలో చెప్పిన ఈ రెండు మాటలనూ ఎవరు విడదీసినా మా నమ్మకం వక్రించిపోతుంది. మొదటి మాటను మాత్రమే పట్టుకుంటే, దుఆ (వేడుకోలు) వినని, పిలిస్తే పలకని ఒక శూన్యం మిగులుతుంది. రెండో మాటను మాత్రమే పట్టుకుంటే దేవుడు చెవులూ కళ్లూ ఉన్న పెద్ద మనిషి అయిపోతాడు. ఆయన వింటాడు, కానీ ఆ వినికిడి మన వినికిడి లాంటిది కాదు. ఆయన జ్ఞానం నేర్చుకోగా వచ్చినది కాదు. ఆయన కోపం రక్తం మరిగితే వచ్చే కోపం కాదు. ఆయనకు తొంభై తొమ్మిది నామాలు ఉన్నాయని హదీసులో, అంటే ప్రవక్త గారి మాటల, చేతల నివేదికలలో, ఉంది. కరుణామయుడు, న్యాయమూర్తి, పోషకుడు, క్షమించేవాడు వంటి ఆ నామాలన్నీ ఆయన నిజమైన గుణాలను తెలిపేవే.

చేతులు, ముఖం, సింహాసనం అనే మాటల గురించి మా పెద్దలు ఏనాడో ఆలోచించారు. మదీనా పండితుడు ఇమామ్ మాలిక్ వద్దకు (ఆయన క్రీ.శ. 795లో మరణించారు) ఒక వ్యక్తి వచ్చి, కరుణామయుడు సింహాసనాన్ని అధిష్ఠించాడని ఖుర్ఆన్‌లో ఉంది కదా, ఎలా అధిష్ఠించాడని అడిగాడు. మాలిక్ తల దించుకున్నారు, ఆయనకు చెమటలు పట్టాయి. కాసేపటికి తల ఎత్తి, అధిష్ఠించడం అనేది తెలిసిన విషయమే, ఎలా అన్నది బుద్ధికి అందదు, దానిని విశ్వసించడం విధి, ఎలా అని తరచి అడగడం లేనిపోని కొత్త ఆచారం అని జవాబిచ్చారు. ఆ చెమట నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. దేవుని గురించి నోరు విప్పేటప్పుడు ఒక పండితునికి ఎంత భయభక్తులు ఉండాలో అది చూపిస్తుంది.

ఆ తరువాతి పండితులలో కొందరు మాలిక్ బాటలోనే నడిచి, ఉన్న మాటను ఉన్నట్టే నమ్ముతాము, దాని తీరు దేవునికే తెలుసు అన్నారు. మరికొందరు, సామాన్యులు దేవునికి దేహం ఉందని పొరబడకుండా, చేయి అంటే శక్తి లేదా అనుగ్రహం అని వివరించారు. మీరు చెప్పిన ఆయతుల్ కుర్సీలోని పీఠాన్ని దేవుని జ్ఞానంగా వ్యాఖ్యానించిన అభిప్రాయం ప్రవక్త గారి పినతండ్రి కుమారుడైన ఇబ్నె అబ్బాస్ పేరు మీదనే వ్యాఖ్యాన గ్రంథాలలో కనిపిస్తుంది. దారులు వేరైనా, దేవుడు శరీరధారి కాడన్నది ఈ రెండు వర్గాల వారికీ సమ్మతమే.

అంతటా ఉన్నాడా అంటే, మనిషికి అతని కంఠ రక్తనాళం కంటే తాను దగ్గరగా ఉన్నానని ఆయనే అన్నాడు (ఖుర్ఆన్ 50వ సూరా, 16వ వాక్యం). అయితే చెట్టులో ఉన్నాడు, రాతిలో ఉన్నాడు, నాలో ఉన్నాడు అని మేము అనము. ఆయన జ్ఞానానికీ శక్తికీ అందని చోటు లేదు; ఆయనను ఇముడ్చుకోగల చోటూ లేదు. చోటు అనేదే ఆయన సృష్టి. చోటు లేనప్పుడు ఆయన ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడని మా హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయపు పెద్దలు చెబుతారు. హదీసులను నేరుగా అనుసరించే అహ్లె హదీస్ వర్గపు సోదరులు మాత్రం, ఎలాగన్నది అడగకుండా, ఆయన సింహాసనం పైన, సృష్టికి అతీతంగా ఉన్నాడని నొక్కి చెబుతారు.

ఇక నమాజులో ఒకే దిక్కు సంగతి. మేమందరం తిరిగేది మక్కాలోని కాబా వైపు; అది దేవుడు నివసించే ఇల్లు కాదు. తూర్పు పడమరలు అల్లాహ్‌వే, మీరు ఎటు తిరిగినా ఆయన సన్నిధి అటే ఉందని ఖుర్ఆన్ (2:115) చెబుతుంది. దిక్కు నిర్ణయించింది ఆరాధకుల ఐక్యత కోసం, ఆజ్ఞాపాలన కోసం. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ కాబాలోని నల్లరాతిని ముద్దాడుతూ, నువ్వు ఒక రాయివని నాకు తెలుసు, మేలు గాని కీడు గాని చేయలేవు, ప్రవక్త నిన్ను ముద్దాడగా చూసి ఉండకపోతే నేను ముద్దాడేవాణ్ణి కాదు అన్నారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మీరు ఎప్పుడైనా మసీదు లోపలికి వస్తే ఖిబ్లా (కాబా దిక్కు) వైపు గోడలో ఉన్న మెహరాబును దగ్గరగా చూడండి. ఇమాం నిలబడటానికి చేసిన గూడు అది. అందులో ప్రతిమ గాని, చిత్రం గాని ఏమీ ఉండదు.


జవాబు: తత్వశాస్త్ర విద్యార్థి, తిరుపతి

ఉర్దూ మాష్టారు గారు చెప్పినదానికి చరిత్ర వైపు నుంచి కొంత, మన వేదాంతం వైపు నుంచి కొంత జోడించాలని ఉంది. నేను విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న హిందువును. నా మాటలో లోపం ఉంటే ముస్లిం మిత్రులు సరిచేయగలరు.

గుణాలకూ దేవునికీ ఉన్న సంబంధం ఏమిటన్నది ఇస్లామీయ చింతనలో తొలినాళ్ల నుంచి నలిగిన ప్రశ్న. దేవుడు అనాది, ఆయన జ్ఞానమూ అనాది, ఆయన వాక్కూ అనాది అంటే, అనాది అయినవి ఎన్ని? ఒక్కడే దేవుడన్న మాట ఏమైంది? ఈ చిక్కును తీవ్రంగా తీసుకున్నవారు ముతజిలీలు అనే తర్కవాద పండిత వర్గం వారు. దేవుడు తన సత్తతోనే (స్వరూపంతోనే) అన్నీ తెలిసినవాడు, జ్ఞానమనేది ఆయనకు వేరుగా అంటిన గుణం కాదని వారు వాదించారు. ఆ వాదం సాగి సాగి, దేవుని వాక్కు అయిన ఖుర్ఆన్ అనాది కాదు, సృష్టి అయినదే అన్న నిర్ణయానికి చేరింది. 833లో అబ్బాసీ ఖలీఫా మామూన్ ఈ సిద్ధాంతాన్ని పండితులు ఒప్పుకోవలసిందేనని విచారణలు మొదలుపెట్టాడు. ఒప్పుకోని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ చెరసాల అనుభవించారు, కొరడా దెబ్బలు తిన్నారు, మాట మార్చుకోలేదు. ఈ ప్రశ్నకు పండితులు తమ ఒంటి మీద మూల్యం చెల్లించారన్న సంగతి తెలిస్తే, ఇది తీరిక వేళ తర్కం కాదని అర్థమవుతుంది.

తరువాతి శతాబ్దంలో ఒక మధ్యేమార్గం స్థిరపడింది. నలభై ఏళ్లు వచ్చేవరకు ముతజిలీగానే ఉండి, ఆ తరువాత వారిని విడిచి వచ్చిన బస్రా పండితుడు అబుల్ హసన్ అష్అరీ, సమర్‌ఖండ్ పండితుడు మాతురీదీ (మరణం 944) ఇద్దరూ వేర్వేరుగా ఇంచుమించు ఒకే చోటికి చేరారు. గుణాలు నిజమైనవే, అవి దేవుడే అనీ అనలేము, దేవునికి వేరు అనీ అనలేము. జీవం, జ్ఞానం, శక్తి, సంకల్పం, శ్రవణం, దృష్టి, వాక్కు అనే ఏడింటిని అష్అరీలు ముఖ్యంగా చెబుతారు. మాతురీదీలు సృష్టించడాన్ని ఎనిమిదవ అనాది గుణంగా చేరుస్తారు. మన ప్రాంతపు ముస్లింలలో అధికులు హనఫీలు కాబట్టి సంప్రదాయరీత్యా మాతురీదీ మార్గానికి చెందినవారు.

ఇప్పుడు పోలిక విషయం. ఇస్లాం అనగానే అద్వైతంలోని నిర్గుణ బ్రహ్మాన్ని పక్కన పెట్టి చూడటం మనవారికి అలవాటు. నా అభిప్రాయంలో అది తప్పు జత. తిరుపతిలో ఉన్న మనకు మరింత దగ్గరి పోలిక ఇంటి ముందే ఉంది. భగవంతుడు అనంత కల్యాణ గుణాలు కలవాడని, నిర్గుణుడన్న శ్రుతివాక్యానికి హేయ గుణాలు లేనివాడని అర్థమని రామానుజులు చెప్పారు. దేవుడు దయామయుడు, శరణన్నవాణ్ణి కాపాడేవాడు, ఆయన దయ లేనిదే జీవునికి గతి లేదు అన్న భావనలో ఒక శ్రీవైష్ణవుడూ ఒక ముస్లిమూ ఒకరి మాట ఒకరికి సులభంగా అర్థమయ్యేంత దగ్గరగా ఉన్నారు.

అయితే ఆ దగ్గరతనం అక్కడితో ఆగిపోతుంది. జీవులూ జగత్తూ భగవంతునికి శరీరమని రామానుజుల విశిష్టాద్వైతం అంటుంది. ఈ మాటను ముస్లిం పండితులు అంగీకరించరు. అర్చామూర్తిలో భగవంతుడు సాక్షాత్తు వేంచేసి ఉంటాడన్నది తిరుమల ఆరాధనకు ప్రాణం. ఇస్లాంకు అది పూర్తిగా నిషిద్ధమైన భావన. దేవుడూ జగత్తూ ఎప్పటికీ వేరే అన్న విషయంలో మధ్వాచార్యుల ద్వైతం ఇస్లాంకు మరింత దగ్గరగా కనిపిస్తుంది గాని, అక్కడ జీవులూ ప్రకృతీ అనాది. ఇస్లాంలో దేవుడు తప్ప అనాది ఏదీ లేదు. మిగిలినదంతా ఏమీ లేని స్థితి నుంచి ఆయన సంకల్పంతో ఉనికిలోకి వచ్చింది. ఈ తేడాను కప్పిపుచ్చితే ఇరువురి సిద్ధాంతాలకూ అన్యాయం చేసినవారమవుతాము.

అద్వైతానికి దగ్గరగా వినిపించే స్వరం ఇస్లాంలో లేకపోలేదు. అండలూసియాలో పుట్టి డమాస్కస్‌లో 1240లో మరణించిన సూఫీ ఇబ్నె అరబీ పేరుతో ముడిపడిన వహ్‌దతుల్ వుజూద్ సిద్ధాంతం, నిజమైన ఉనికి దేవునిది మాత్రమే అంటుంది. సర్‌హింద్‌కు చెందిన షేక్ అహ్మద్ (మరణం 1624) దాన్ని సవరిస్తూ, ఆ ఏకత్వం సాధకుని అనుభవంలో కనిపించేదే తప్ప వస్తుస్థితి కాదు, సేవకుడు ఎప్పటికీ సేవకుడే, ప్రభువు ఎప్పటికీ ప్రభువే అన్నారు.


జవాబు: పుంగనూరు ఆడపడుచు

పెద్దలిద్దరికీ నమస్కారం. మాది నూర్‌బాషా (దూదేకుల) ముస్లిం కుటుంబం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పండితుల వాదాలు తెలుసుకోవడం మంచిదే గాని, అవి మాత్రమే చదివితే ముస్లింల దేవుడు తర్కానికి సంబంధించిన విషయమని ఎవరికైనా అనిపించవచ్చు. దేవునికి పోలిక లేదు, అయినా ఆయన వింటాడు, చూస్తాడు అని ఉర్దూ మాష్టారు గారు చెప్పిన ఆ రెండు మాటలూ రోజూ మా నోట ఎలా పలుకుతాయో చెప్పాలని రాస్తున్నాను.

మా అమ్మ నమాజు ముగిశాక చాప మీద నుంచి లేవదు. కుడి చేతి బొటనవేలిని వేళ్ల కణుపుల మీద జరుపుకుంటూ సుబ్‌హానల్లాహ్ అని 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ అని 33 సార్లు, అల్లాహు అక్బర్ అని 34 సార్లు లెక్కిస్తుంది. మొదటి దానితో దేవుణ్ణి అన్ని లోపాలకూ, అన్ని పోలికలకూ దూరంగా నిలుపుతుంది. రెండవ దానితో ఆయన చేసిన మేళ్లకు, ఆయన గుణాలకు స్తుతి చెబుతుంది. మూడవ దానితో, తాను తలచగలిగిన గొప్పతనానికంతా ఆయన మించినవాడని ఒప్పుకుంటుంది. ముతజిలీల పేరు మా అమ్మ విని ఉండదు. అయినా దేవుణ్ణి మనిషితో పోల్చే తప్పుగాని, గుణాలు లేని శూన్యంగా భావించే తప్పుగాని ఆమెను దరిచేరలేదు.

నమాజులోని సజ్దాను (సాగిలపడటాన్ని) కూడా గమనించండి. నుదురు, ముక్కు, రెండు అరచేతులు, మోకాళ్లు, కాలివేళ్లు నేలకు ఆనించి, మనిషి తన శరీరాన్ని ఎంత కిందికి దించగలడో అంత కిందికి దించి, సర్వోన్నతుడైన నా ప్రభువు పరిశుద్ధుడు అని పలుకుతాడు. దాసుడు తన ప్రభువుకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది సజ్దాలోనే అని ప్రవక్త గారు (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. అందనంత ఎత్తులో ఉన్నవాడూ, అన్నిటికంటే దగ్గరగా ఉన్నవాడూ ఒక్కడే అన్న నమ్మకాన్ని మేము రోజుకు ఐదు పూటలా చేసి చూపిస్తాము.

పై జవాబులలో కరుణ గురించి చాలినంత చెప్పలేదని నాకు అనిపించింది. ఖుర్ఆన్‌లోని 114 సూరాలలో ఒక్క తొమ్మిదవది తప్ప అన్నీ అపార కరుణామయుడు, పరమ కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతోనే మొదలవుతాయి. కరుణను తన మీద తానే విధిగా చేసుకున్నానని, తన కరుణ ప్రతి వస్తువునూ ఆవరించి ఉందని ఆయన చెప్పాడు. బందీలలో ఒక స్త్రీ తన బిడ్డను వెదుక్కుంటూ తిరిగి, దొరకగానే ఎదకు హత్తుకుని పాలిచ్చింది. ఈ తల్లి తన బిడ్డను నిప్పులో వేయగలదా అని ప్రవక్త గారు అనుచరులను అడిగారు. వేయలేదని వారు అన్నారు. ఈ తల్లికి బిడ్డ మీద ఉన్న దయ కంటే అల్లాహ్‌కు తన దాసుల మీద ఉన్న దయ ఎక్కువ అని ఆయన చెప్పారు. మా దేవుణ్ణి శిక్షించేవాడిగా మాత్రమే ఎవరైనా వర్ణిస్తే నాకు బాధ కలుగుతుంది. ఆయన శిక్షిస్తాడు కూడా, లెక్క అడుగుతాడు కూడా. ఆ భయం మాకు ఉంది, ఉండాలి. కానీ తన కోపాన్ని తన కరుణ మించిందని ఆయనే ప్రకటించాడు.

దర్గాల గురించి ఎవరూ అడగకపోయినా చెప్పడం అవసరమనుకుంటాను. మన జిల్లాల్లో ఉరుసులు చూసినవారికి ఆ సందేహం వస్తుంది. వలీలు దేవుని ప్రియ దాసులు, వారిని గౌరవించి వారి ద్వారా దేవుణ్ణే వేడుకుంటున్నామని వెళ్లేవారు అంటారు. సమాధి వద్ద కోరికలు కోరడం దేవునికి మాత్రమే చెందిన దాన్ని ఇతరులకు ఇవ్వడమేనని, అది షిర్క్ అవుతుందని మరికొందరు గట్టిగా అభ్యంతరం చెబుతారు. మా బంధువుల్లోనే రెండు రకాల వారూ ఉన్నారు. ఆ వలీ కూడా సృష్టించబడినవాడే, ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే అన్న విషయంలో మాత్రం వారిలో ఎవరికీ భేదం లేదు.


కపిలతీర్థం వాసి, తిరుపతి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిర్గుణం అన్న మాట దగ్గర నా ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టిందో స్పష్టమైంది. రామానుజుల ప్రస్తావన నాకు ఎంతో ఉపకరించింది. పుంగనూరు అమ్మాయి గారు సజ్దా గురించి రాసిన భాగాన్ని మా ఇంట్లో వారికి చదివి వినిపించాను.

ఇంకొక్క సందేహం మిగిలింది. మాకు దర్శనం అనేది భక్తికి పరమావధి. కొండ మీద ఒక్క క్షణం కనిపించే స్వామి కోసం గంటల తరబడి నిలబడతాము. రూపం లేని దేవుణ్ణి నమ్మే ముస్లింకు, ఆయనను చూడాలన్న కోరిక ఉంటుందా? పరలోకంలోనైనా ఆయన కనిపిస్తాడని నమ్ముతారా?


జవాబు: ఉర్దూ మాష్టారు, చిత్తూరు

ఉంటుంది మాష్టారూ, తప్పకుండా ఉంటుంది. మూసా అలైహిస్సలాం (క్రైస్తవులు మోషే అనే ప్రవక్త) అంతటివారే, ప్రభూ, నిన్ను చూడనివ్వు అని వేడుకున్నారు. నువ్వు నన్ను చూడలేవు, ఆ కొండ వైపు చూడు, అది తన చోట నిలిచి ఉంటే నన్ను చూడగలవు అని జవాబు వచ్చింది. దేవుని తేజస్సు ఆ కొండకు ప్రత్యక్షం కాగానే అది పిండి అయింది, మూసా స్పృహ తప్పి పడిపోయారు (7:143). ఈ లోకంలో ఈ కళ్లతో ఆయనను చూడటం సాధ్యం కాదని మా నమ్మకం.

పరలోకం విషయంలో అభిప్రాయ భేదం ఉంది. ఆ రోజు కొన్ని ముఖాలు కళకళలాడుతూ తమ ప్రభువు వైపు చూస్తూ ఉంటాయని 75వ సూరాలో ఉంది. పున్నమి చంద్రుణ్ణి ఒకరినొకరు తోసుకోకుండా చూసినట్టు మీ ప్రభువును చూస్తారని హదీసు కూడా ఉంది. అక్కడి పోలిక చూపు స్పష్టంగా, అందరికీ అందుబాటులో ఉండటం గురించే. దేవుడు చంద్రుడిలా ఉంటాడని కాదు. స్వర్గవాసులకు దక్కే వరాలన్నిటిలో అదే మేలైనదని సున్నీ పండితులు చెబుతారు. చూపులు ఆయనను అందుకోలేవన్న వాక్యాన్ని (6:103) ఆధారం చేసుకుని ముతజిలీలూ, షియా పండితులూ పరలోకంలో కూడా కంటితో చూడటం లేదంటారు. చూడటమంటే మనసుతో సంపూర్ణంగా తెలుసుకోవడమని వారి వివరణ. ఆ వాక్యం దేవుణ్ణి పూర్తిగా ఆవరించి గ్రహించడం అసాధ్యమని చెబుతుందే గాని, అసలు చూడనే లేమని చెప్పదని సున్నీల జవాబు.

ఎదురుగా ఒక వస్తువు, దానికీ మనకూ మధ్య కొంత దూరం, చూడటానికి ఒక దిక్కు ఉంటేనే మనకు చూపు అనేది ఊహకు అందుతుంది. దేవుడు వస్తువు కాడు, దిక్కుకు కట్టుబడడు. కాబట్టి దూరమూ, దిక్కూ, ఆకారమూ లేకుండానే విశ్వాసులు ఆయనను చూస్తారని, ఆ చూపు ఎలాంటిదన్న ప్రశ్నకు ఇమామ్ మాలిక్ ఇచ్చిన జవాబే ఇక్కడా జవాబని మా హనఫీ మదరసాలలో బోధిస్తారు.